కుక్కపిల్లకూ కేవైసీ

ట్రాన్స్‌ఫర్ ఆర్డరు వచ్చిన రోజు ఏ బ్యాంకు ఉద్యోగి ఇంట్లోనైనా వినబడే ప్రశ్నలు అందరికీ తెలిసినవే. క్వార్టర్సు ఉందా, స్కూలు దొరుకుతుందా, సామాను ఎలా పంపాలి? విశాఖపట్నం నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు బదిలీ అయిందని చెప్పినప్పుడు మా ఆవిడ కూడా అవే అడిగింది. తొమ్మిదేళ్ళ మా చిన్నది మాత్రం ఒకటే అడిగింది: "చింటూకి కూడా టిక్కెట్ తీస్తావు కదా నాన్నా?"

చింటూ మా కుక్క. పామరేనియన్. దాని వయసు అప్పటికి రెండేళ్ళు. దానికి టిక్కెట్ తీయబోయి నేను తెలుసుకున్న విషయాలే ఈ వ్యాసం. బదిలీలు మనకు తప్పవు, పెంపుడు జంతువులు చాలామంది ఇళ్ళలో ఉన్నాయి. అండమాన్ వెళ్ళేవారికే కాదు, ఇంట్లో కుక్కో పిల్లో ఉన్న ప్రతి కుటుంబానికీ ఇందులో పనికొచ్చేది ఉందని అనుకుంటున్నాను.

ముందు నేనొక్కణ్ణే వెళ్ళి డ్యూటీలో చేరాను. ఊరి పేరు అప్పటికింకా పోర్ట్ బ్లెయిరే. 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అని మార్చారు. విశాఖ నుంచి సముద్రం మీద సుమారు 1200 కిలోమీటర్లు. ఓడలో రెండున్నర రోజులు, విమానంలో రెండు గంటలు. వెళ్ళే ముందు ఒక ఏజెంటును కుక్క సంగతి అడిగాను. "కాగితాలతో ఎందుకు సార్ గొడవ? తెలిసినవాళ్ళు ఉన్నారు, బుట్టలో పెట్టి ఓడెక్కించేస్తాం, మూడో రోజుకి మీ ఇంట్లో ఉంటుంది" అన్నాడు. నిజం చెప్పాలంటే నాకు ఆ మాట నచ్చింది. అయినా ఒకసారి అక్కడి పశువైద్యశాలలో కనుక్కుని, కుదరకపోతే ఈ దారి ఉండనే ఉందిలే అనుకున్నాను.

జంగ్లీఘాట్‌లో ఒక శనివారం

పోర్ట్ బ్లెయిర్‌లో జంగ్లీఘాట్ అనే పేట ఉంది. చేపల పడవలు ఒడ్డుకు చేరే చోటు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన మత్స్యకార కుటుంబాలు చాలా ఉండటం వల్ల ఆ వీధుల్లో నడుస్తుంటే మన ఉత్తరాంధ్ర యాస చెవిన పడుతూనే ఉంటుంది. అండమాన్ నికోబార్ పాలనా యంత్రాంగంలోని పశుసంవర్ధక, పశువైద్య సేవల శాఖ నడిపే పశువైద్యశాల అక్కడే ఉంది. రెండో శనివారం, మనకు సెలవు. పొద్దున్నే వెళ్ళాను.

కుక్కల కోసమే ఉండే క్లినిక్ లాంటిది ఊహించుకుని వెళ్ళిన నాకు అక్కడి వరస చూసి ఆశ్చర్యమేసింది. నా ముందు ఒకావిడ మేకను పట్టుకుని కూచుంది. మేక ఎడమ డొక్క డోలులా ఉబ్బి ఉంది. "రాత్రి నుంచి మేత ముట్టుకోలేదు డాక్టరమ్మా, ఏటో అయిపోతంది" అని తెలుగులోనే చెబుతోంది. డాక్టరమ్మ డొక్క మీద వేలితో కొట్టి చూసి, చెవి పెట్టి విని, "తడి గడ్డి మేసిందా?" అని అడిగారు.

వానాకాలంలో లేత తడి గడ్డి ఎక్కువగా మేస్తే పశువుల పెద్దపొట్టలో నురగ, గాలి చేరి బయటికి రాకుండా నిలిచిపోతాయి. దాన్నే కడుపుబ్బరం అంటారు. ఉబ్బిన పొట్ట ఊపిరితిత్తులను నొక్కుతుంది, గంటల్లో ప్రాణం పోవచ్చు. నురగను విరగ్గొట్టే మందు నూనెలో కలిపి తాగించడం మొదటి మెట్టు. అప్పటికీ తగ్గక ఊపిరి ఆడకపోతే ఎడమ డొక్కలో గొట్టం గుచ్చి గాలి తీసేస్తారు. ఆ మేకకు అంత దూరం రాలేదు. అరగంటకు తేన్చింది. ఆవిడ ముఖంలో వెలుగు చూస్తే మేక ఖరీదు ఎంతో నాకు అర్థమైంది. మన శాఖలో వారం వారం చిన్న మొత్తాలు కట్టే ఖాతాదారుల ముఖాల్లో చూసే వెలుగే అది.

తరువాత ఒక రైతు వచ్చి, ఆవు పొద్దుట్నుంచీ అరుస్తోందని చెప్పాడు. "సాయంత్రం వస్తాం" అన్నారు డాక్టరమ్మ. ఎదకు వచ్చిన ఆవుకు వెంటనే సూది వేస్తే నిలవదట. పొద్దున ఎద లక్షణాలు కనబడితే సాయంత్రం, సాయంత్రం కనబడితే మర్నాడు పొద్దున వేయాలి. ఆ వీర్యం సన్నటి గొట్టాల్లో, ద్రవ నత్రజనిలో, సున్నాకు 196 డిగ్రీల దిగువన నిల్వ ఉంటుంది. నత్రజని ఆవిరైపోతూనే ఉంటుంది కాబట్టి డబ్బాలో మట్టం తగ్గకుండా చూసుకోవాలి. మన జిల్లాల్లో అయిపోతే పక్క ఊరి నుంచి సాయంత్రానికి తెప్పించుకోవచ్చు. ద్వీపంలో పక్క ఊరు అంటే మధ్యలో సముద్రం.

టీకాల సంగతీ అంతే. కోళ్ళకు వచ్చే కొక్కెర తెగులు, అంటే రాణిఖేత్ వ్యాధి టీకా మొదలుకొని కుక్కల టీకాల దాకా దాదాపు అన్నీ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. తయారైన చోటు నుంచి జంగ్లీఘాట్ దాకా, అక్కడి నుంచి మళ్ళీ పడవల మీద చిన్న ద్వీపాల దాకా ఆ చల్లదనం తెగకూడదు. దక్షిణాన కేంప్‌బెల్ బే పోర్ట్ బ్లెయిర్‌కు 500 కిలోమీటర్ల పైమాటే. ఓడ ఆలస్యమైతే ఐసు పెట్టెలోని టీకా నీళ్ళతో సమానం. 836 ద్వీపాలు, దీవులు, రాతి దిబ్బలు కలిసిన ఈ ప్రాంతంలో జనం ఉండేవి 31. పశువులూ అక్కడే ఉంటాయి. ఉత్తరాన డిగ్లీపూర్ నుంచి దక్షిణాన గ్రేట్ నికోబార్ వరకు పశువైద్యుల పని అలా పరుచుకుని ఉంటుంది.

ఒక్క సంతకం

నా వంతు వచ్చింది. చింటూ సంగతి చెప్పాను. ఆమె ప్రశాంతంగా మూడు అడిగారు: ముందస్తు అనుమతి, అమల్లో ఉన్న రేబిస్ టీకా వివరాలు, బయల్దేరే ముందు ప్రభుత్వ పశువైద్యుడు ఇచ్చిన ఆరోగ్య పత్రం. ఫోనులో ఉన్న టీకా కార్డు ఫోటో తీసి చూపించాను. చూసి నవ్వారు. రేబిస్ టీకా గడువు దాటి ఎనిమిది నెలలైంది. తప్పు నాదే. ఇయర్ ఎండింగ్ అంటూ, ఇన్‌స్పెక్షన్ అంటూ వాయిదా వేసుకుంటూ వచ్చాను.

"కుక్క ఆరోగ్యంగానే ఉంది మేడం, ఇంట్లోనే ఉంటుంది, వీధిలోకి కూడా పోదు. మీరు ఒక్క సంతకం పెడితే..." అన్నాను.

"సార్, మీరు బ్యాంకులో ఉన్నారు కదా. మనిషి మంచివాడు, బాగా తెలిసినవాడు అని కేవైసీ లేకుండా ఖాతా తెరుస్తారా?" అన్నారు.

నాకు మాట రాలేదు. మన కౌంటర్ల దగ్గర ఎంతమంది ఖాతాదారులు "నన్ను మీరు ఎరగరా సార్?" అని విసుక్కుంటారో, మనం ఎంత ఓపిగ్గా "ఎరుగుదుం, కానీ కాగితం కావాలండీ" అంటామో గుర్తుకొచ్చింది. ఆమె నన్ను కూచోమని, తీరిక దొరికినప్పుడల్లా ఒక్కో ముక్క చెప్పుకొచ్చారు. ఆ తరువాత నేను చదివి తెలుసుకున్నది కూడా కలిపి ఇక్కడ చెబుతున్నాను.

ఇంతవరకు గడప దాటని జబ్బు

రేబిస్ మన దేశమంతటా ఉంది. ప్రభుత్వ వైద్య మార్గదర్శకాలు దీనికి మినహాయింపుగా చెప్పేవి రెండే రెండు ప్రాంతాలు: అండమాన్ నికోబార్ ద్వీపాలు, లక్షద్వీప్. ప్రపంచంలో ఏటా సుమారు 59,000 మంది రేబిస్‌తో చనిపోతున్నారని ఒక అంచనా. అందులో పెద్ద వాటా మన దేశానిది. మనుషులకు సోకే రేబిస్‌లో నూటికి 99 పాళ్ళు కుక్క కాటు వల్లే.

ద్వీపాలకు ఈ అదృష్టం ఎలా వచ్చింది? మొదటి కారణం సముద్రం. రెండోది, ఇక్కడి అడవుల్లో నక్కలు, తోడేళ్ళు వంటివి లేవు. మూడోది, కుక్క కూడా ఇక్కడికి కొత్తదే. అండమాన్ ఆదివాసులకు పూర్వం కుక్కలు లేవు. 1858లో బ్రిటిష్ వాళ్ళు ఖైదీల స్థావరం పెట్టిన తరువాతే ఇక్కడి జనానికి కుక్క పరిచయమైంది. అలా ఈ జబ్బుకు లోపలికి రావడానికి ఒక్కటే దారి మిగిలింది. ఎవరో ఒకరు ఓడలోనో విమానంలోనో వెంటబెట్టుకు రావాలి. ఆ దారికి కాపలా కాసేది పశువైద్యుల కాగితాలే.

"మా చింటూ ఆరోగ్యంగా ఉన్నాడు" అన్న నా మాటకు విలువ లేకపోవడానికి కారణం ఈ వైరస్ నడకలో ఉంది. కరిచిన చోట లోపలికి వెళ్ళిన వైరస్ రక్తంలో తిరగదు. నరాన్ని పట్టుకుని నెమ్మదిగా మెదడు వైపు ప్రయాణిస్తుంది. మనుషుల్లో సాధారణంగా రెండు మూడు నెలలు పడుతుంది. ఒక్కోసారి వారంలోపే రావచ్చు, ఒక్కోసారి ఏడాది పట్టవచ్చు. కుక్కల్లోనూ వారాలు, నెలలు గడుస్తాయి. అన్నాళ్ళూ అది తింటుంది, ఆడుతుంది, తోక ఊపుతుంది. ఏ డాక్టరు చూసినా ఆరోగ్యంగానే కనిపిస్తుంది. మెదడు చేరి, అక్కడి నుంచి లాలాజలంలోకి దిగాక లక్షణాలు బయటపడతాయి. లక్షణాలు వచ్చాక కుక్కకైనా మనిషికైనా దాదాపు మరణమే. అందుకే టీకా తేదీ ముఖ్యం. టీకా వేయగానే రక్షణ రాదు కాబట్టి వేశాక కొంతకాలం ఆగడమూ ముఖ్యం. కొన్ని దేశాలైతే కుక్క రక్తం పరీక్ష చేసి, టీకా పట్టిందని రుజువయ్యాకే రానిస్తాయి.

బాలి చెప్పిన పాఠం

"ఒక్క కుక్కతో ఏమవుతుంది?" అనే ప్రశ్నకు జవాబు మనకు దూరంగా లేదు. అండమాన్‌కు ఆగ్నేయంగా ఉన్న ఇండోనేషియాలో ఉంది.

అక్కడి ఫ్లోరెస్ ద్వీపంలో రేబిస్ ఉండేది కాదు. 1997లో బుటన్ అనే మరో ద్వీపం నుంచి ఒక పడవలో మూడు కుక్కలు వచ్చాయి. జబ్బు వాటితో దిగింది. ఆ తరువాత కుక్కల్ని పెద్ద సంఖ్యలో చంపినా అది పోలేదు.

పదకొండేళ్ళ తరువాత బాలి వంతు వచ్చింది. ప్రపంచమంతా విహారానికి వెళ్ళే బాలి కూడా అప్పటిదాకా రేబిస్ లేని ద్వీపమే. 2008లో దక్షిణ కొసన ఉన్న పల్లెల్లో కుక్క కరిచిన మనుషులు చనిపోవడం మొదలైంది. మరో ద్వీపం నుంచి జాలరి పడవలో వచ్చిన ఒక కుక్క వల్లే ఇది మొదలై ఉంటుందని పరిశోధకులు భావిస్తున్నారు. బాలిలో రేబిస్ ఉందని ఎవరూ అనుకోలేదు కాబట్టి కరిచినవాళ్ళు టీకాకు పరుగెత్తలేదు. సరిపడా టీకాలు కూడా లేవు. రెండేళ్ళలో జబ్బు ద్వీపంలోని అన్ని జిల్లాలకూ పాకింది. మొదటి రెండు మూడేళ్ళలో వంద మందికి పైగా పోయారు. లక్షల కుక్కలకు టీకాలు వేయవలసి వచ్చింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టయింది.

బాలి విస్తీర్ణం సుమారు 5,800 చదరపు కిలోమీటర్లు, అండమాన్ నికోబార్ 8,249. బాలికి వచ్చినట్టే ఇక్కడికీ జాలరి పడవలు, ఓడలు, పర్యాటకులు వస్తుంటారు. ఇదంతా చెప్పాక డాక్టరమ్మ, "ఆ కుక్కను తెచ్చినతను చెడ్డవాడేం కాదు సార్. పాపం, దాన్ని వదలలేక తెచ్చుకుని ఉంటాడు" అన్నారు. బుట్టలో పెట్టి పంపుతానన్న ఏజెంటు నంబరు నా ఫోనులోనే ఉంది. ఆ మాట ఆమెకు నేను చెప్పలేదు. బయటికి వచ్చి నంబరు తీసేశాను.

గడప లోపల ఉన్న జబ్బు

బయటి జబ్బును ఆపడం ఒక పని. లోపల ఉన్న జబ్బుతో కాపురం చేయడం ఇంకో పని. అండమాన్‌లో ఏటా 3,000 మిల్లీమీటర్లకు పైగా వాన కురుస్తుంది. నేల ఎప్పుడూ తడి. ఆ తడిలో బతికే జబ్బు లెప్టోస్పైరోసిస్. కొందరు ఎలుక జ్వరం అంటారు. ఎలుకలు, కుక్కలు, పశువులు, పందులు దీని క్రిములను మూత్రంలో వదులుతాయి. ఆ మూత్రం కలిసిన నీళ్ళలో, బురదలో నడిచేవారి కాళ్ళ పగుళ్ళ గుండా, గాట్ల గుండా అవి ఒంట్లోకి పోతాయి.

ఇది ఇక్కడ పాత కథే. టేలర్, గోయిల్ అనే వైద్యులు అండమాన్‌లో ఈ జబ్బు మీద చేసిన పరిశోధన 1931లోనే అచ్చయింది. ఆ తరువాత అందరూ మరిచిపోయారు. 1988 నుంచి ఉత్తర అండమాన్‌లో డిగ్లీపూర్ ప్రాంతంలో ఏటా వానలు వెనకబట్టగానే ఒక జ్వరం రావడం మొదలైంది. ఒళ్ళునొప్పులు, దగ్గితే రక్తం, కొందరికి మరణం. ఏమిటో తెలియక దానికి అండమాన్ రక్తస్రావ జ్వరం అని పేరు పెట్టారు. పోర్ట్ బ్లెయిర్‌లోని భారత వైద్య పరిశోధన మండలి కేంద్రం శాస్త్రవేత్తలు 1993 నాటికి అది లెప్టోస్పైరోసిస్ అని తేల్చారు. ఎక్కువగా బాధపడినవారు వరి పొలాల్లో, పశువుల మధ్య పని చేసే రైతులు.

మనిషి జ్వరానికి మూలం పశువుల కొట్టంలో ఉందంటే ఆ జబ్బును మనుషుల డాక్టరు ఒక్కరే గెలవలేరు. ఆవు ఈడ్చుకుపోతే, అంటే నెలలు నిండకుండా దూడను పడేస్తే, ఆ కబురు ముందు పశువైద్యుడికే చేరుతుంది. ఆ ఇంట్లో ఎవరికైనా జ్వరం ఉందా అని అడిగేదీ ఆయనే. కుక్కలకు ఏటా వేసే కలగలుపు టీకాలో లెప్టోస్పైరోసిస్‌కు కూడా భాగం ఉంటుంది. పాలు పితికేవాళ్ళకు ఆ రోజు ఆస్పత్రిలో చెబుతున్న జాగ్రత్తలు చాలా మామూలువి: కొట్టంలో బూట్లు వేసుకోండి, కాలికి గాయం ఉంటే కట్టు కట్టుకోండి, దాణా సంచుల చుట్టూ ఎలుకలు చేరనివ్వకండి, వానల్లో జ్వరంతో పిక్కలు లాగి, కళ్ళు ఎర్రబడితే వెంటనే పెద్దాసుపత్రికి వెళ్ళి 'పశువుల పని చేస్తాను' అని చెప్పండి. ఆ చివరి మాట చెప్పకపోవడం వల్లే వైద్యం ఆలస్యమవుతుందట.

మళ్ళీ దొరకని జాతులు

ద్వీపాల పశువైద్యులు జాగ్రత్త పడటానికి ఇంకో కారణం కూడా ఉంది. ఇక్కడి కొన్ని జాతులు ప్రపంచంలో ఇంకెక్కడా లేవు. నికోబారీ కోడి అందులో ఒకటి. గుండ్రటి ఒళ్ళు, పొట్టి కాళ్ళు. స్థానిక భాషలో దాని పేరుకు అర్థమే పొట్టి కాళ్ళ కోడి. నాటుకోడి అయినా గుడ్లు బాగా పెడుతుంది. టెరెస్సా ద్వీపం పేరుతో ఒక మేక జాతి ఉంది. నికోబారీ పంది ఉంది. గారచర్మలో ఉన్న కేంద్ర ద్వీప వ్యవసాయ పరిశోధన సంస్థ ఈ జాతులను అధ్యయనం చేసి కాపాడే పనిలో ఉంది.

నికోబార్ ప్రజలకు పంది అంటే మాంసం ఒక్కటే కాదు. కార్ నికోబార్‌లో పూర్వీకుల పేర జరిపే పెద్ద పండుగకు ఏళ్ళ తరబడి పందుల్ని పెంచుతారు. 2004 డిసెంబరు 26న వచ్చిన సునామీలో మనుషులతో పాటు పందులు, మేకలు, కోళ్ళు లెక్కలేనన్ని కొట్టుకుపోయాయి. ఇళ్ళు మళ్ళీ కట్టుకోవచ్చు. మందను మళ్ళీ నిలబెట్టడానికి బతికి ఉన్న నాలుగు జంతువులే ఆధారం. ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ అనే పందుల జబ్బు 2020లో అస్సాం, అరుణాచల్ ప్రదేశ్‌లలో మన దేశంలోకి అడుగుపెట్టింది. అలాంటిది ఒక చిన్న ద్వీపంలోకి వస్తే జాతి జాతే పోవచ్చు. అందుకే రేవులో దిగే ప్రతి జంతువుకూ, దాని మాంసానికీ ఇన్ని ప్రశ్నలు.

మన ఫైళ్ళలో వాళ్ళ సంతకం

ఆ శనివారం తరువాత శాఖలో పశువుల లోను ఫైళ్ళు చూసే నా చూపు మారింది. కిసాన్ క్రెడిట్ కార్డును పశుపోషకులకూ, మత్స్యకారులకూ విస్తరింపజేస్తున్నట్టు 2018 బడ్జెట్‌లో ప్రకటించారు. 2025 జనవరి 1 నుంచి హామీ లేకుండా ఇచ్చే వ్యవసాయ రుణ పరిమితి 1.6 లక్షల నుంచి 2 లక్షలకు పెరిగింది. ఇవన్నీ మనకు తెలిసిన సర్క్యులర్లే. కానీ ఆ ఫైలు నిలబడేది పశువైద్యుడి కాగితం మీద. ఈ ఆవు ఆరోగ్యంగా ఉంది, వయసు ఇంత, విలువ ఇంత అని ఆయన రాస్తేనే బీమా. చెవికి వేసే పసుపు పోగు మీద 12 అంకెల నంబరు ఉంటుంది. పశువుకు అదే ఆధార్. ఆవు చనిపోతే ఆ పోగు చూసి, శవపరీక్ష చేసి ఆయన రిపోర్టు ఇస్తేనే క్లెయిము వస్తుంది.

రైతు ఏడుస్తూ నిలబడి ఉంటాడు. పోగు నంబరు కలవదు. "ఎక్కడో ఊడిపోయింది బాబూ, మా ఆవేనండీ" అంటాడు. నిజమే కావచ్చు. అయినా సంతకం పెట్టలేరు. అలాంటి సందర్భాల్లో తిట్లు తినేది పశువైద్యుడు. ఇదివరకు నేను కూడా ఫోనులో "ఏం సార్, ఒక రిపోర్టుకు ఇన్ని రోజులా?" అని విసుక్కున్నవాణ్ణే. తేలిగ్గా సంతకం పెట్టేవాడి సంతకానికి విలువ ఉండదన్న సంగతి బ్యాంకువాడికి ఒకరు చెప్పాలా? కానీ నాకు చెప్పించుకోవలసి వచ్చింది.

మన ఇళ్ళకు కొన్ని మాటలు

మనలో ఎక్కువమంది ఉండేది రేబిస్ ఉన్న ప్రాంతాల్లోనే కాబట్టి డాక్టరమ్మ చెప్పినవీ, తరువాత నేను రాసిపెట్టుకున్నవీ ఇక్కడ చెబుతాను.

కుక్కపిల్లకు మూడో నెలలో మొదటి రేబిస్ టీకా వేయించాలి. తరువాత డాక్టరు చెప్పిన తేదీకి బూస్టరు, ఆపైన ఏటా ఒకటి. ఇంట్లోనే ఉండే కుక్కకూ, పిల్లికీ ఇది తప్పదు. టీకా తేదీని ఎల్ఐసీ ప్రీమియం తేదీ పక్కనే రాసుకోండి.

కుక్క గానీ పిల్లి గానీ కరిచినా, గీరినా ముందు కుళాయి కింద పెట్టి సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. గడియారం చూసి 15 నిమిషాలు. గాయం మీద ఉన్న వైరస్‌లో చాలా భాగం అక్కడే పోతుంది. పసుపు, కారం, సున్నం, ఆకు పసరు ఏదీ పెట్టకూడదు. అదే రోజు ఆస్పత్రికి వెళ్ళాలి. "బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు" అన్నది మన చిన్ననాటి భయం. ఇప్పుడు ఇచ్చేవి నాలుగైదే, అవీ చేతికే. గాయం లోతుగా ఉంటే గాయం చుట్టూ ఇంకో మందు కూడా ఇస్తారు, అది వద్దనకూడదు. రెండు డోసులు వేయించుకుని "బాగానే ఉన్నాం కదా" అని మానేయడం అన్నిటికన్నా ప్రమాదం.

పిల్లలకు ఒక మాట పదే పదే చెప్పాలి: కుక్క గీరినా దాచవద్దు, తిట్టం. తిడతారన్న భయంతో దాచిన పిల్లలే ఎక్కువగా బలవుతున్నారు.

వీధి కుక్కల విషయంలో తరిమేయడమో చంపడమో దారి కాదని ఫ్లోరెస్ చెప్పింది. ఒక ప్రాంతంలోని కుక్కల్లో నూటికి 70 కుక్కలకు టీకా పడితే రేబిస్ వ్యాప్తి ఆగిపోతుంది. మన కాలనీ సంఘాలు మున్సిపాలిటీ టీకా వాళ్ళకు సహకరిస్తే అందరికీ మేలు. ఏటా సెప్టెంబరు 28, లూయీ పాశ్చర్ వర్ధంతి, ప్రపంచ రేబిస్ దినం. చాలా పశువైద్యశాలల్లో ఆ రోజు ఉచితంగా టీకాలు వేస్తారు.

ఇక బదిలీ మీద ద్వీపాలకు వెళ్ళేవారు టిక్కెట్ కొనకముందే అక్కడి పశుసంవర్ధక శాఖను సంప్రదించి, ఆ రోజుకు అమల్లో ఉన్న నిబంధనలు రాతపూర్వకంగా తెలుసుకోండి. ఓడ వాళ్ళ నియమాలు వేరు, విమానం వాళ్ళవి వేరు. నెలలు పట్టవచ్చు. ఎవరైనా "నేను చూసుకుంటా సార్" అంటే మాత్రం నమ్మకండి.

చింటూ సంగతి

ఆ సాయంత్రం ఇంటికి ఫోను చేసి చిన్నదానికి చెప్పాను. చాలాసేపు ఏడ్చింది. "అందరి కుక్కల కోసం మన కుక్క ఆగాలా?" అని అడిగింది. అవునన్నాను. ఒక్క చింటూ కోసం ఆ ద్వీపంలోని పిల్లలందరూ కుక్కను చూసి భయపడే రోజు రాకూడదని, బాలి కథ దానికి అర్థమయ్యేలా చెప్పాను. ఒప్పుకోలేదు కానీ ఏడుపు ఆపింది.

చింటూను అనకాపల్లిలో మా అమ్మ దగ్గర వదిలాం. టీకా వేయించి, గడువు ఆగి, అనుమతి కోసం అర్జీ పెట్టుకున్నాం. అన్నీ పూర్తయ్యేసరికి నెలలు గడిచాయి. తీరా కాగితాలు చేతికొచ్చి అమ్మకు ఫోను చేస్తే, "ఇప్పుడెందుకురా దాన్ని సముద్రం దాటించడం? సాయంత్రం నాతో గుడిదాకా వస్తోంది. నాన్నగారు పోయాక ఇంట్లో ఒక చప్పుడంటూ ఉందిప్పుడు" అంది. మా ఆవిడ నా వైపు చూసింది, నేను చిన్నదాని వైపు చూశాను. అదే కాసేపు ఆలోచించి, "బామ్మ దగ్గరే ఉండనీ" అంది.

ఆ కాగితాలు ఇప్పటికీ నా బీరువాలో ఉన్నాయి. వాడకుండానే గడువు తీరిపోయిన పత్రాలు. జంగ్లీఘాట్ వెళ్ళి ఈ మాట చెబితే డాక్టరమ్మ నవ్వి, "టీకా మాత్రం ఏటా వేయిస్తున్నారు కదా సార్?" అన్నారు. వేయిస్తున్నాం. తేదీ వారం ముందే మా చిన్నది బామ్మకు ఫోను చేసి గుర్తు చేస్తుంది.